‘పాండవోద్యోగ విజయాలు’ పూర్తి నాటకం మళ్లీ వేస్తున్నారు: చూడటానికి ఎలా సిద్ధపడాలి?

గోదావరి_గట్టు
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా దగ్గర ‘పాండవోద్యోగ విజయాలు’ వేస్తున్నారు. నాటక పరిషత్తు పోటీలకు కుదించిన రూపం కాదట. పడకసీను నుంచి గదాయుద్ధం దాకా, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లవారుజాము వరకూ. అమ్మ, పదమూడేళ్ల మా అమ్మాయి కూడా వస్తామంటున్నారు. సినిమాల్లో, రేడియోలో విన్న నాలుగైదు పద్యాలు తప్ప ఈ నాటకం నాకు తెలియదు. ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది, ముందు ఏం చదువుకోవాలి, అమ్మాయికి పద్యం అర్థం కావాలంటే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పద్యం_పాదం
గట్టు గారూ, ముందు ఒక సంగతి. తిరుపతి వేంకట కవులు భారతకథను ఆరు నాటకాలుగా రాశారు: జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం. వేదిక మీద నిలబడినవి ప్రధానంగా ఉద్యోగం, విజయం. ఆ రెంటినీ కలిపే మనవాళ్లు ‘కురుక్షేత్రం’ అంటారు. అంటే మీరు చూడబోయేది ఒక నాటకం కాదు, రెండు నాటకాలు కలిపి కుట్టిన ప్రదర్శన. అతుకు ఎక్కడ పడిందో తెలిస్తే చూడటం తేలిక. రాయబారం విఫలమయ్యే దాకా ఉద్యోగం, ఆ తర్వాత యుద్ధమంతా విజయం. చాలా బృందాలు విశ్రాంతి కూడా ఆ అతుకు దగ్గరే ఇస్తాయి.

పుస్తకం కొనుక్కోండి, దొరుకుతుంది. మొత్తం చదవనక్కర్లేదు. పడకసీను (యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి వచ్చే ఘట్టం), రాయబారం, ఈ రెండు ఘట్టాలూ రెండుసార్లు పైకి చదవండి. పైకి అని ఎందుకంటున్నానంటే, కంటితో చదివితే పదాల విరుపు తెలియదు. నాటకంలో నటుడు రాగంలో పద్యం పాడుతున్నప్పుడు చెవికి ఆధారం ఆ విరుపే.

పడకసీనులో రెండు కుశలప్రశ్నలుంటాయి. కృష్ణుడు లేవగానే కాళ్లవైపు ఉన్న అర్జునుణ్ని చూసి ‘ఎక్కడనుండి రాక యిటకు’ అంటాడు. తర్వాత తలవైపు కూర్చున్న దుర్యోధనుణ్ని చూసి ‘బావా! ఎప్పుడు వచ్చితీవు?’ అంటాడు. మొదటిది ఉత్పలమాల, రెండోది శార్దూలం. ‘సుఖులే’ అన్న మాట రెండింటిలోనూ ఉంది. ఆ ఒక్క మాటను నటుడు రెండుచోట్లా ఎలా పలుకుతాడో గమనించండి. అర్జునుడితో అనేటప్పుడు చనువు ఉండాలి, దుర్యోధనుడితో అనేటప్పుడు రాజమర్యాద ఉండాలి. రెండూ ఒకే బాణీలో పాడేశాడంటే ఆ కృష్ణుడికి గొంతు ఉంది గానీ పాత్ర లేదు.

తెనాలి_తెర
పాదం గారు మంచి చోట పట్టుకున్నారు. ఆ సీను నిలబడేదీ కూలేదీ మంచం వేసిన తీరును బట్టి కూడా. మంచాన్ని ప్రేక్షకులకు సమాంతరంగా అడ్డంగా వేసేస్తే తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు కూర్చున్నట్టు కనిపిస్తుంది, బాగానే ఉంటుంది. కానీ కృష్ణుడు లేచి కాళ్లవైపు చూస్తే ముఖం పూర్తిగా పక్కకు తిరిగిపోతుంది, మొదటి పద్యం సగం ప్రాంగణానికే చేరుతుంది. తలవైపు వెనకతెర దిక్కుగా నిలువుగా వేస్తే దుర్యోధనుడు తలగడ వెనక దాక్కున్నట్టుంటాడు. అనుభవమున్న బృందాలు మంచాన్ని ఏటవాలుగా వేస్తాయి. తలవైపు లోపలికి, కాళ్లవైపు ప్రేక్షకుల దగ్గరికి. దుర్యోధనుడి ఆసనం ఒక మెట్టు ఎత్తులో ఉంటుంది. అప్పుడు ముగ్గురి ముఖాలూ కనిపిస్తాయి, పైగా దుర్యోధనుడి దర్పం కూర్చున్న ఎత్తులోనే తెలుస్తుంది.

ఎవరు ఏ వైపు కూర్చున్నారో ప్రేక్షకుడు చూడకపోతే తర్వాత వచ్చే ‘ముందుగ వచ్చితీవు’ పద్యానికి బలం ఉండదు. వచ్చింది దుర్యోధనుడు ముందు, కంటబడింది అర్జునుడు ముందు. తగువంతా దాని మీదే. నిడివి తగ్గించడానికి వాళ్లిద్దరూ వచ్చి కూర్చునే వచనాన్ని కోసేసి, తెర తీసేసరికే ముగ్గురూ వేదిక మీద ఉండేలా పెట్టే బృందాలున్నాయి. మీరు చూసే ప్రదర్శనలో అలా జరిగితే అమ్మాయికి పక్కనుంచి ఆ ముక్క చెప్పండి, లేకపోతే సీనంతా ఆ పిల్లకు అంతుచిక్కదు.

ఇంకొకటి. రాత్రంతా నాటకం అంటే ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులుంటారు. పడకసీను కృష్ణుడు వేరు, రాయబారం కృష్ణుడు వేరు, యుద్ధం కృష్ణుడు వేరు కావచ్చు. దుర్యోధనుడికీ అంతే. కాంట్రాక్టు నాటకాల (పేరున్న నటుల్ని విడివిడిగా కుదిర్చి వేయించేవి) రోజుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఒక్క గొంతు రాత్రంతా పై స్థాయిలో నిలవదు కనుకా, ఒక్కో సీనుకు పేరున్న నటుణ్ని చూడటానికి జనం వస్తారు కనుకా. కొత్తగా చూసేవాళ్లు ‘ఈయనెవరు?’ అని తికమకపడతారు. ప్రదర్శనకు ముందు పంచే కరపత్రంలో సీను వారీగా పేర్లుంటాయి, అది దగ్గర పెట్టుకోండి.

హార్మోనియం_మెట్టు
ఎక్కడ కూర్చోవాలన్న దానికి నా జవాబు: హార్మోనియం ఏ పక్క ఉందో చూసి, దానికి ఎదురు పక్క మధ్య వరుసలో. హార్మోనియం వాద్యకారుడు సాధారణంగా వేదిక కింద గానీ, వేదిక అంచున ఒక మూల గానీ ఉంటాడు. ఆయన పక్కనే కూర్చుంటే తిత్తి శబ్దం, మెట్ల చప్పుడుతో సహా వాయిద్యమే వినిపిస్తుంది, గొంతు తక్కువవుతుంది.

శ్రుతి, అంటే నటుడు పాడటానికి ఆధారంగా పట్టుకునే స్వరం, దాని గురించి కొంచెం తెలుసుకుని వెళ్లండి, నాటకం మీద ఆసక్తి రెట్టింపవుతుంది. మన లెక్కలో ఒకటి శ్రుతి అంటే హార్మోనియం మీద సి మెట్టు, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ. మధ్యలో నల్లమెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర లేదు, ఎందుకంటే ఇ, ఎఫ్ మెట్ల మధ్య నల్లమెట్టు లేదు. మైకులు లేని కాలంలో పద్యం పందిరి చివరి దాకా వినబడాలి కనుక నాలుగు, ఐదు, ఆ పైన కూడా పాడేవారు. తారస్థాయిలో నిలబెట్టిన గొంతు దూరం పోతుంది. ఇప్పుడు మైకు ఉన్నా ఆ శ్రుతి అలవాటు పోలేదు. పద్యనాటకానికి ఆ బిగువు లేకపోతే ప్రేక్షకుడికీ తృప్తి ఉండదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఇద్దరు నటుల శ్రుతులు వేరైనప్పుడు. కృష్ణుడు ఐదులో పాడి ముగించాడనుకోండి, దుర్యోధనుడిది నాలుగు. మధ్యలో వాద్యకారుడు కొత్త శ్రుతి షడ్జమ పంచమాలు (స, ప) రెండు మూడు సెకన్లయినా పట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో నటుడు మొదటి నటుడి శ్రుతిలోనే ఎత్తుకుంటాడు. మొదటి పాదం బాగానే పోతుంది. మూడో పాదంలో తారస్థాయి పంచమానికి వెళ్లేసరికి గొంతు అందదు, చీలుతుంది, లేదా అక్కడ స్వరం దించేస్తాడు. జనం నటుణ్ని అంటారు, కారణం మాత్రం పద్యానికి ముందు తప్పిపోయిన ఆ మూడు సెకన్లు. మంచి వాద్యకారుడు నటుడు వచనం మాట్లాడుతుండగానే కింద సన్నగా తర్వాతి శ్రుతి అందిస్తూ ఉంటాడు. చెవి అటు పెడితే మీకు తెలిసిపోతుంది.

సౌండ్_పెట్టె
మైకుల సంగతి ఎవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను. ప్రదర్శన ఆరుబయటా, ఆడిటోరియంలోనా? దాన్ని బట్టి సీటు మారుతుంది.

ఆరుబయట అయితే వేదిక ముందంచున రెండు మూడు స్టాండ్ మైకులుంటాయి. పద్యం వచ్చినప్పుడల్లా నటుడు మైకు దగ్గరికి నడిచి వస్తాడు. దర్బారు సీను కూడా మూడు మైకుల వరుసైపోతుంది, దానికి మీరు సిద్ధపడి ఉండాలి. స్పీకర్ పెట్టెల ముందు మొదటి ఐదారు వరుసలు వద్దు. పద్యం తారస్థాయికి వెళ్లినప్పుడు అక్కడ చెవులు గింగురుమంటాయి, అమ్మగారికి అసలు మంచిది కాదు. పెట్టెలకు మధ్యలో, పందిరి పొడవులో మూడో వంతు లోపలికి కూర్చోండి.

ఆడిటోరియంలో అయితే ఈ మధ్య కాలర్ మైకులు వాడుతున్నారు. పౌరాణికానికి అది పెద్ద తలనొప్పి. ఛాతీ మీద హారాలు, పతకాలు, భుజకీర్తులు ఉంటాయి, నటుడు చెయ్యి ఎత్తగానే పూసలు మైకుకు తగిలి గరగరమంటుంది. మైకును కిరీటం అంచు కింద, నుదుటి దగ్గర విగ్గులో కుట్టి, వైరు మెడ వెనకనుంచి దింపితే ఆ బాధ ఉండదు. చెమట మైకు రంధ్రంలోకి దిగకుండా పైన చిన్న స్పాంజి తొడుగు తప్పనిసరి. ట్రాన్స్‌మీటర్‌ను నడుము పట్టాలో వెనక్కి కాకుండా పక్కకు పెట్టాలి. సింహాసనానికి ఆనుకుంటే స్విచ్ నొక్కుకుపోతుంది, అది రాయబారం మధ్యలో జరిగితే ఇక చెప్పేదేముంది.

నిర్వాహకులెవరైనా చదువుతుంటే ఇంకో మాట. హార్మోనియంకి, తబలాకి ఇచ్చే లెవెల్‌ను పద్యం మొదలవగానే తగ్గించి పద్యం చివర పెంచే మనిషి మిక్సర్ దగ్గర ఉండాలి, అతని చేతిలో పద్యాల జాబితా ఉండాలి. నాటకం తెలియని ఆపరేటర్ ఒకే లెవెల్‌లో వదిలేస్తాడు. అప్పుడు పద్యం చివరి పాదంలో వాయిద్యం గొంతును మింగేస్తుంది.

పద్యం_పాదం
శ్రుతి సరే, మైకు సరే, అసలు గొడవ రాగం దగ్గర ఉంది. పునఃప్రదర్శనలు చూసినప్పుడల్లా నాకు బాధ కలిగించేది ఒకటుంది. ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ పద్యమే తీసుకోండి. మొదటి పాదం ‘బావా! ఎప్పుడు వచ్చితీవు? సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్’. యతి పదమూడో అక్షరం దగ్గర, ‘భ్రా’ మీద పడుతుంది, ‘బా’కు ‘భ్రా’ మైత్రి. ‘సుఖులే’ దగ్గర ఊపిరి తీసుకుంటే యతీ నిలుస్తుంది, ప్రశ్నా నిలుస్తుంది. అంతవరకూ అందరూ బాగానే పాడతారు. మూడో పాదం చివర మాత్రం చూడండి. ద్రోణుడు మొదలైన బ్రాహ్మణులు అనే అర్థంలో ‘ద్రోణాది భూ’ అని పాదం అయిపోతుంది, ‘దేవుల్’ నాలుగో పాదంలోకి వెళ్తుంది. పాదం చివరల్లా ఆలాపన చేసే అలవాటున్న నటుడు ‘భూ...’ దగ్గర ముప్పై సెకన్లు రాగం తీసి, చప్పట్లు అందుకుని, అప్పుడు ‘దేవుల్’ అంటాడు. భూదేవుల్ అన్న మాటే విరిగిపోయింది. విన్న పిల్లలకు భూమి ఏమిటో దేవుళ్లెవరో తెలియదు.

ఆలాపన చేసుకోండి, ఎవరు కాదన్నారు? మాట పూర్తయ్యాక చెయ్యండి. ఈ పద్యంలో చోటు రెండో పాదం చివర ఉంది, పద్యం చివర ఉంది. మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి ఒక్క ఊపిరిలో దూకాలి.

హార్మోనియం_మెట్టు
మీరన్న మాట విరుపు వాదన ఒప్పుకుంటాను. కానీ రాగం తగ్గించడమే సంస్కరణ అన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను. పద్యనాటకం సంగీతం మీద బతికింది. జనం కృష్ణుడి కుశలప్రశ్న కోసం కాదు, ఆ ప్రశ్న ఏ రాగంలో వస్తుందో వినడానికి మైళ్లు నడిచి వచ్చారు. వృత్తపద్యాన్ని మామూలుగా చదివితే అరనిమిషం కూడా పట్టదు. సాదా రాగంతో పాడితే నిమిషంన్నర, రెండు నిమిషాలు. ఆలాపనతో నాలుగైదు నిమిషాలు. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పట్టేది. ప్లేట్లకు పాడేటప్పుడు పాతతరం నటులే ఆలాపనను ఆ కొలతకు కుదించారు. ఇవాళ మనం వినే రికార్డుల పద్ధతి వేదిక పద్ధతి కాదు, ప్లేటుకు సరిపెట్టిన పద్ధతి. రికార్డు విని వేదిక మీద రాగం ఎక్కువైందనడం సరికాదు.

పద్యం_పాదం
మెట్టు గారూ, ప్లేటు విషయం మీరు చెప్పింది నిజమే, విలువైన మాట. నేను అడిగేది నిడివి గురించి కాదు, చోటు గురించి. ఐదు నిమిషాలు పాడినా సరే, ‘భూదేవుల్’ ఒక్కటిగా వినబడాలి.

ఇంకా లెక్క కూడా వేసి చూడండి. కుదించిన ప్రతిలో నలభై పద్యాలున్నాయనుకుంటే, రెండేసి నిమిషాల చొప్పున ఎనభై నిమిషాలు. నాలుగేసి నిమిషాలైతే నూట అరవై. తేడా గంటా ఇరవై నిమిషాలు. ఆ గంటా ఇరవై నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? వచనం నుంచి కోస్తారు. వచనం పోతే పద్యాల మధ్య కథ పోతుంది, తెనాలి గారు చెప్పిన పడకసీను కోత అలాంటిదే. ఏ పద్యానికి విస్తారంగా పాడాలి, ఏ పద్యాన్ని గబగబా నడిపించాలి అన్నది దర్శకుడు ముందే గీత గీసి పెట్టాలి. రాయబారంలో ‘తమ్ముని కొడుకులు’ కందం. కందం పొట్టి పద్యం, బేరం మాట్లాడినట్టు సూటిగా సాగాలి. సగం రాజ్యం, లేదా ఐదూళ్లు. ఆ పద్యానికి సుదీర్ఘ రాగం అక్కర్లేదు. ‘చెల్లియొ చెల్లకో’ దగ్గర కావాలంటే విస్తరించండి. ‘జెండాపై కపిరాజు’కు గొంతు నిండుగా వాడండి. ‘అలుగుటయే యెరుంగని’లో మాత్రం గొంతు తగ్గించిన నటుడే గొప్పవాడు, ఎందుకంటే అక్కడ బెదిరింపు ధర్మరాజు శాంతం మీద నిలబడి ఉంది.

హార్మోనియం_మెట్టు
‘అలుగుటయే’ గొంతు తగ్గించి పాడాలన్నది బాగుంది. శ్రుతి తగ్గించడం కాదు, బిగువు తగ్గించడం. అక్కడ తబలా కూడా ఆగిపోవాలి.

డాలస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో సంఘాల వేడుకలకు ఈ సీన్లు వేసేవాళ్ల కోసం రెండు ముక్కలు. హాలు అద్దెకు తీసుకునేటప్పుడే నిప్పు గురించి అడగండి. చాలా హాళ్లలో కర్పూరం, హారతి, బాణసంచా, పొగ, ఏదీ ఒప్పుకోరు. పొగ యంత్రం పెట్టినా అలారం మోగే ప్రమాదం ఉంది. ప్రార్థన దగ్గర హారతి పళ్లెంలో బ్యాటరీ దీపాలు పెట్టుకోవడమే మేలు. రెండోది, హాలు అద్దె గంటల లెక్కన ఉంటుంది. సామాను సర్దడం, మేకప్, తెరలు కట్టడం, అన్నీ ఆ గంటల్లోకే వస్తాయి. పౌరాణిక మేకప్ ఒక్కో పాత్రకు నలభై నిమిషాల నుంచి గంట పడుతుంది. ఒకే మేకప్ మనిషి ఉంటే ఆరుగురికి సగం రోజు అయిపోతుంది. అందుకే పూర్తి నాటకం కాకుండా ఒక్క రాయబారం ఘట్టం చక్కగా వెయ్యడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

లైట్ల గురించి తెనాలి గారు చెప్తారా? ఇక్కడ కృష్ణుడి రంగు ప్రతిసారీ బూడిదలా కనిపిస్తోంది.

తెనాలి_తెర
డాలస్ గారూ, లైట్ల ముందు అంబర్ (పసుపు నారింజ రంగు) కాగితం వేశారేమో చూడండి. అంబర్ వెలుగులో నీలం భాగం దాదాపు ఉండదు. నీలపు రంగు పూసిన ముఖం మీద అది పడితే వెనక్కి తిరిగి రావడానికి నీలం వెలుగే లేదు, అందుకే బూడిదరంగులో కనిపిస్తుంది. ఎదురు లైట్లు సాదా తెలుపే ఉంచండి, కావాలంటే లేత గులాబీ. అంబర్‌ను వెనకతెర మీద, సింహాసనం మీద వాడుకోండి. ఎల్‌ఈడీ లైట్లయితే మరీ చల్లని తెలుపు పెట్టకండి, అప్పుడు కృష్ణుడు బాగుంటాడు గానీ మిగతావాళ్లు పాలిపోయినట్టుంటారు. మేకప్ వేసే గదిలో ఒక రకం బల్బు, వేదిక మీద ఇంకో రకం ఉంటే రంగు కలిపే చోటే లెక్క తప్పుతుంది. ముఖం పూర్తయ్యాక ఒక్కసారి వేదిక లైటు కింద నిలబెట్టి చూడాలి.

గోదావరి_గట్టు
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మాయి మీద రెండు ప్రశ్నలు. పద్యాల పాఠం తెర మీద చూపిస్తే మంచిదేనా? నిర్వాహకులు అడిగితే సాయం చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాం. ఇంకా, ‘వన్స్ మోర్’ అనడం మర్యాదేనా?

పద్యం_పాదం
పాఠం చూపించడం చాలా మంచిది, కానీ ఒక పద్ధతి ప్రకారం. నాలుగు పాదాలూ ఒకేసారి చూపించండి. పాదం పాదం మారుస్తుంటే నటుడి ఆలాపనకు తెర నడిపేవాడి చెయ్యి అందదు, నటుడు రెండో పాదంలో ఉండగా తెర మూడులో ఉంటుంది. సంధులు విడదీసి, పదాల మధ్య ఖాళీ ఇచ్చి రాయండి. పాదం దాటిపోయే మాటలున్నచోట, ఇందాకటి ‘భూదేవుల్’ లాంటివి, పాదం చివర చిన్న గీత పెట్టండి. తాత్పర్యం పద్యంతో పాటు చూపించకండి. ముందు వచనం నడిచేటప్పుడే ఒక్క వాక్యంలో చూపించి తీసేయండి. పద్యం పాడుతున్నప్పుడు కన్ను తాత్పర్యం చదువుతుంటే చెవి మూసుకుపోతుంది. తెరను వేదిక పక్కన, నటుడి తల ఎత్తులో పెట్టించండి. పైన కట్టిస్తే ప్రేక్షకుడు తల ఎత్తి దించుతూనే ఉండాలి, అభినయం పోతుంది.

ఇంటి దగ్గర అమ్మాయికి నాలుగు పద్యాలు చెప్పండి, చాలు. నేను పైన పేరు చెప్పిన రాయబారం పద్యాలే. నాలుగింటి అర్థం తెలిసిన పిల్ల మిగతా వాటి అర్థం సందర్భాన్ని బట్టి పట్టుకుంటుంది.

తెనాలి_తెర
వన్స్ మోర్ మన రంగస్థలంలో మర్యాదే, నటుడికి అది గౌరవం. కాకపోతే ఎప్పుడు అనాలన్నదుంది. పద్యం చివరి అక్షరం, దాని ఆలాపన పూర్తయ్యాక, ఎదుటి పాత్ర నోరు తెరవకముందు. మధ్యలో అరిస్తే పద్యం పాడవుతుంది. ఎదుటి పాత్ర జవాబు మొదలుపెట్టాక అరిస్తే ఆ నటుణ్ని అవమానించినట్టు. ఒక సీనులో ఒకటి, మహా అయితే రెండు. మళ్లీ పాడినప్పుడు ఎదురుగా నిలబడ్డ నటుడు ఆ ఐదు నిమిషాలూ అదే కోపంతో, అదే భంగిమలో ఉండాలి. వాళ్ల కష్టం కూడా చూడండి. పరిషత్తు పోటీ ప్రదర్శనలకు వెళ్తే అసలు అనకండి. అక్కడ సమయానికి గీత ఉంటుంది, దాటితే మార్కులు పోతాయి.

చదివింపుల గురించి కూడా. నటుడికి బహుమతి ఇవ్వాలనిపిస్తే విశ్రాంతిలో గానీ, చివర గానీ నిర్వాహకుల చేతికి ఇవ్వండి. రాయబారం మధ్యలో మైకులో పేర్లు చదివి నోట్లు అందించడం వల్ల సీను చల్లారిపోతుంది. కౌరవసభలో కోపంతో నిలబడ్డ కృష్ణుడు చేతులు జోడించి దాతకు నమస్కారం పెట్టాల్సివస్తుంది. దాత మనసు మంచిదే, వేళ మాత్రం అది కాదు.

శేరిలింగంపల్లి_వీధి
ఇదే చర్చలో సురభి వారి ‘మాయాబజార్’ గురించి కూడా అడగొచ్చా? పిల్లలతో వెళ్దామనుకునేవాళ్లకు సీటు ఎక్కడ తీసుకోమంటారు?

తెనాలి_తెర
తప్పకుండా. సురభి పద్ధతే వేరు, అక్కడ చెవి కన్నా కంటికి పని ఎక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయం అది. తరతరాలుగా ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేశారు, పిల్లలు వేదిక మీదే పెరిగారు. ట్రిక్ సీన్లు వాళ్ల సొత్తు.

మరీ ముందు వరుసల్లో కూర్చోకండి. గాల్లోకి లేచే నారదుణ్ని మోసే తీగ కింది నుంచి పైకి చూస్తే వెనక వెలుగు మీద గీతలా కనిపిస్తుంది. ఏడెనిమిది వరుసలు వెనక్కి, మధ్యలో కూర్చుంటే తీగ తెర బొమ్మల్లో కలిసిపోతుంది. పక్క సీట్లు వద్దు, వేదిక పక్కతెరల చాటున తాళ్లు లాగేవాళ్లు కనిపిస్తారు. బాణాలు ఆకాశంలో ఢీకొని నిప్పురవ్వలు రాలే చోట చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి.

ఒక్క విషయం గమనించమని నా మనవి. వీధి సీను ఎప్పుడు వస్తుందో చూడండి. ముందు తెర దగ్గర ఇద్దరు పాత్రలు మాట్లాడుకుంటుంటే, ఆ తెర వెనక పెద్ద సెట్టు మారుతూ ఉంటుంది. ఆ ఇద్దరి మాటలు సరిగ్గా సెట్టు మారే వ్యవధికి కొలిచినట్టుంటాయి. వెనక పని ఆలస్యమైతే ముందున్న నటులు సంభాషణ పొడిగిస్తారు, వెనకనుంచి సైగ రాగానే ముగిస్తారు. అంత నేర్పుగా చేస్తారు కనుకే సీనుకూ సీనుకూ మధ్య చీకటి లేకుండా నాటకం పరుగెడుతుంది. కొత్త దర్శకులు పౌరాణికాలను మళ్లీ వేసేటప్పుడు ఈ ఒక్కటి నేర్చుకున్నా చాలు. ప్రతి సీను తర్వాతా లైట్లార్పి రెండేసి నిమిషాలు ప్రేక్షకుణ్ని చీకట్లో కూర్చోబెట్టడం ఈ నాటకాలకు పడదు.

సౌండ్_పెట్టె
గట్టు గారూ, రాత్రంతా ప్రదర్శన కాబట్టి చివరగా నాలుగు పనికొచ్చే మాటలు. వేళకు ముందే వెళ్లండి. ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన తెర లేవకముందే మొదలవుతుంది, అది తప్పిపోకూడదు. పైగా ఆ ప్రార్థనలోనే బృందం శ్రుతి, మైకుల లెవెల్ సర్దుకుంటారు. అందులో గొంతులు స్పష్టంగా వినబడకపోతే వెంటనే సీటు మారండి, ఆ తర్వాత మారడానికి చోటు దొరకదు. ఆరుబయట అయితే మంచు పడుతుంది, అమ్మగారికి శాలువా, వెనక ఆనుకోవడానికి వీలున్న కుర్చీ. అమ్మాయికి నిద్ర వస్తే యుద్ధం మొదట్లో పడుకోనివ్వండి, రాయబారం మాత్రం చూడనివ్వండి.

గోదావరి_గట్టు
పుస్తకం ఇవాళే తెప్పిస్తున్నాను. ఇంకొక్కటి. రాయబారం మామూలుగా ఎన్నింటికి వస్తుంది? అమ్మాయిని అప్పటిదాకా మేలుకునేలా చూసుకోవాలి కదా.

హార్మోనియం_మెట్టు
తొమ్మిదిన్నరకు ప్రార్థన అయితే పడకసీను పది దాటాక మొదలై, వన్స్ మోర్‌లతో కలిపి పన్నెండు దాకా సాగొచ్చు. రాయబారం అర్ధరాత్రి తర్వాతే అనుకోండి. బృందాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కనుక, సాయంత్రం హార్మోనియం శ్రుతి చూసుకునే వేళకు వెళ్లి వాద్యకారుణ్నే అడగండి. సీన్ల వరస, ఏ సీనుకు ఏ నటుడో, వేళలతో సహా ఆయన దగ్గర కాగితం మీద రాసి ఉంటుంది.